బొడ్డుతాడు రక్తం అరవై కిలోల మనిషికి సరిపోతుందా?

కాన్పులు ఇళ్లలోనే జరిగిన రోజుల్లో, పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మంత్రసాని బొడ్డు కోసిన తరువాత మాయను లోతైన గుంతలో పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేవారు. ఇప్పుడు దాదాపు ప్రతి కాన్పూ ఆసుపత్రిలోనే కాబట్టి అది పసుపు రంగు సంచిలో జీవవ్యర్థాలతో పాటు వెళ్లిపోతున్నది. ఆ మాయలోనూ, దానిని అంటిపెట్టుకొని ఉన్న బొడ్డుతాడులోనూ చిన్న చాయ్ గ్లాసుడు రక్తం, అంటే 80 నుంచి 100 మిల్లీలీటర్లు మిగిలిపోతుంది. రక్తాన్ని పుట్టించే మూలకణాలు పెద్దవారిలో ఎముక మజ్జలో, మన వాడుకలో మూలుగలో ఉంటాయి. పుట్టిన క్షణంలో మాత్రం అవి ఈ గ్లాసుడు రక్తంలోనూ తిరుగుతుంటాయి. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ సోకిన మనిషి పాడైన మజ్జ స్థానంలో కొత్త మజ్జను మొలిపించడానికి ఈ కణాలు పనికివస్తాయని రుజువై మూడు దశాబ్దాలు దాటింది. పిల్లల విషయంలో ఆ మాట ఎంత నిజమో, పెద్దవారి విషయంలో అంత తేలికగా చెప్పగలిగినది కాదు. ఆ తేడా అంతా ఒక లెక్కలో ఉన్నది.

లెక్కకు ముందు, అసలు ఈ మజ్జ మార్పిడి ఎవరికి అవసరమో చూడాలి. బ్లడ్ క్యాన్సర్ అన్న ఒక్క మాట కింద మన దగ్గర నాలుగైదు వేర్వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాకు 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చిన తరువాత మార్పిడి అవసరం చాలా అరుదైపోయింది. తీవ్ర ల్యుకేమియాలలోనే ఒక రకమైన తీవ్ర ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాకు (ఏపీఎల్) ఆర్సెనిక్, ట్రెటినోయిన్ మందులే చాలావరకు నయం చేస్తున్నాయి. మిగిలిన తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియాలో (ఏఎంఎల్) జన్యు పరీక్షలు చెడు ఫలితాన్ని సూచించినవారికీ, కీమోథెరపీతో తగ్గి మళ్లీ తిరగబెట్టినవారికీ, తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో (ఏఎల్‌ఎల్) ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవారికీ మాత్రమే దాత కణాల మార్పిడి ప్రశ్న వస్తుంది. భారతదేశంలో ఏఎంఎల్ సోకేవారి నడిమి వయసు పాశ్చాత్య దేశాల కంటే చాలా తక్కువ, నలభై ఏళ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంటిని పోషించే మనిషే మంచం పట్టే వయసు అది. వానకాలంలో జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అనుకొని వారం పది రోజులు గడిపిన తరువాత, ఎవరో ఒక పాథాలజిస్టు రక్తపు స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు జబ్బు బయటపడడం కూడా ఈ జిల్లాలకు కొత్త కాదు.

మార్పిడి అంటే కీమోథెరపీతోనో రేడియేషన్‌తోనో రోగి మజ్జను తుడిచిపెట్టి, ఆ ఖాళీలో ఆరోగ్యవంతుని మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కించడం. ఈ చికిత్సను నిలబెట్టిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి దక్కింది. దాత కణాలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, కొత్త రక్తాన్ని పుట్టిస్తాయి. రెండు, దాతతో వచ్చిన రోగనిరోధక కణాలు రోగి శరీరంలో ఎక్కడో దాక్కొని మిగిలిన ల్యుకేమియా కణాలను పరాయివిగా గుర్తించి చంపుతాయి. పెద్దవారిలో జబ్బు తిరగబెట్టకుండా ఆపేది ప్రధానంగా ఈ రెండో పనే. అయితే అవే కణాలు రోగి చర్మాన్నీ, పేగులనూ, కాలేయాన్నీ కూడా పరాయివిగా భావించి దాడి చేయవచ్చు. దీనినే జీవీహెచ్‌డీ అంటారు. కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు దాతకూ రోగికీ ఎంత బాగా కలిస్తే ఈ దాడి అంత తగ్గుతుంది. అందుకే దాత వేట ఎప్పుడూ హెచ్‌ఎల్‌ఏ పరీక్షతోనే మొదలవుతుంది.

బొడ్డుతాడు రక్తానికి ఇక్కడే ఒక సహజమైన మంచి గుణం ఉన్నది. అందులోని రోగనిరోధక కణాలు ఇంకా లోకాన్ని చూడనివి. ఏ క్రిమితోనూ పోరాడనివి కాబట్టి పరాయి గుర్తులను చూసి వెంటనే రెచ్చిపోవు. మజ్జ దాతకు ఎనిమిదికి ఎనిమిది గుర్తులు కలవాలని పట్టుబట్టే వైద్యులు, బొడ్డుతాడు రక్తం విషయంలో ఆరు గుర్తులే చూసి, వాటిలో నాలుగు కలిసినా ముందుకు వెళ్లగలుగుతున్నారు. 2014లో అమెరికా మజ్జ దాతల రిజిస్ట్రీ సమాచారంతో వెలువడిన విశ్లేషణ ఈ గుణం విలువను స్పష్టంగా చూపింది. పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం యూరప్ మూలాల శ్వేతజాతీయులకు 75 శాతం ఉండగా, దక్షిణ, మధ్య అమెరికా మూలాల నల్లజాతీయులకు 16 శాతమే ఉన్నది. కానీ ఒకటి రెండు గుర్తులు తేడా ఉన్న బొడ్డుతాడు రక్తాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇరవై ఏళ్ల లోపు రోగుల్లో దాదాపు అందరికీ, ఇరవై దాటినవారిలో 80 శాతానికి పైగా ఏదో ఒకటి దొరికింది. ఇరవై దాటినవారికి కొంత తగ్గడం గమనించదగినది. పెద్దవారి హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో మార్పేమీ లేదు. మారినది వారి బరువు.

ఇక ఆ లెక్క. అతిశీతలంలో ఉంచి నిల్వ చేసిన బొడ్డుతాడు రక్తంలో కేంద్రకం ఉన్న కణాలు రోగి శరీర బరువులో ప్రతి కిలోకు కనీసం 2.5 కోట్లు ఉండాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న ప్రమాణం. పది కిలోల పసిబిడ్డకు 25 కోట్లు చాలు. అరవై కిలోల మనిషికి 150 కోట్లు కావాలి. ఒక కాన్పులో సేకరించిన రక్తంలో సాధారణంగా దొరికేవి ఆ చుట్టుపక్కల గాని, అంతకన్నా తక్కువ గాని. సేకరణలో చేయి కొంచెం అటుఇటైనా, బిడ్డ తక్కువ బరువుతో పుట్టినా ఆ సంఖ్య ఇంకా పడిపోతుంది. అసలైన మూలకణాలనే లెక్కిస్తే తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్దవారైన దాత నుంచి యంత్రం ద్వారా సేకరించే రక్త మూలకణాలలో కిలోకు 40 నుంచి 50 లక్షలు ఇవ్వడం మామూలు విషయం. బొడ్డుతాడు రక్తంతో కిలోకు లక్షన్నర వస్తే ఫరవాలేదనుకోవాలి. రెండెకరాలకు చల్లవలసిన విత్తనం ఒక మడికి సరిపడా మాత్రమే ఉన్నప్పుడు పొలమంతా పచ్చబడడానికి ఎంత కాలం పడుతుందో, ఇక్కడ కూడా అంతే ఆలస్యం జరుగుతుంది.

ఆ ఆలస్యానికి రోజుల్లో కొలత ఉన్నది. పెద్దవారైన దాత రక్తం నుంచి తీసిన మూలకణాలతో, క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలైన న్యూట్రోఫిల్ కణాలు రెండు వారాలకు కాస్త అటుఇటుగా కోలుకుంటాయి. బొడ్డుతాడు రక్తంతో మూడు, నాలుగు వారాలు పడుతుంది. ప్లేట్‌లెట్లు ఇంకా ఆలస్యం. న్యూట్రోఫిల్స్ లేని ప్రతి అదనపు రోజూ బ్యాక్టీరియాకు, ఫంగస్‌కు తలుపు తెరిచి ఉన్న రోజే. కొందరిలో కణాలు అసలు పాతుకోకుండానే పోవచ్చు. పెద్దవారిలో ఈ వైఫల్యం ఇతర మార్పిడుల కంటే స్పష్టంగా ఎక్కువ. కణాలు పాతుకొన్న తరువాత కూడా, లోకం చూడని ఆ రోగనిరోధక కణాలు వైరస్‌లతో పోరాడడం మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది కాబట్టి సైటోమెగలో, అడినో, హెచ్‌హెచ్‌వీ-6 వంటి వైరస్‌లు నెలల తరబడి ఇబ్బంది పెడతాయి. జీవీహెచ్‌డీని తగ్గించిన అమాయకత్వమే ఇక్కడ రోగికి శత్రువవుతుంది. ఇంకొకటి కూడా ఉన్నది. జబ్బు తిరగబెడితే మజ్జ దాతను మళ్లీ పిలిచి లింఫోసైట్లను, అంటే రోగనిరోధక కణాలను అడగవచ్చు. ఏనాడో పుట్టి ఎక్కడో పెరుగుతున్న బిడ్డను అలా అడగడానికి ఉండదు.

ఈ చికిత్స నడిచి వచ్చిన దారి చూస్తే, ప్రతి మలుపులోనూ ఇదే లెక్కను దాటడానికి చేసిన ప్రయత్నం కనిపిస్తుంది. 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లక్‌మన్ బృందం ఫాంకోనీ రక్తహీనత (పుట్టుకతోనే వచ్చి మజ్జను పాడుచేసే జబ్బు) ఉన్న ఒక బాలునికి, అప్పుడే పుట్టిన అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తాన్ని ఎక్కించింది. ఆ కణాలను అమెరికాలో అతిశీతలంలో భద్రపరచినది హాల్ బ్రాక్స్‌మేయర్. రోగి చిన్నవాడు కాబట్టి మోతాదు సమస్య కాలేదు. 1990ల తొలి సంవత్సరాల్లో న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రూబిన్‌స్టైన్ తొలి ప్రజా బొడ్డుతాడు రక్త బ్యాంకును నెలకొల్పారు. ఎవరి బిడ్డ రక్తమైనా ఎవరికైనా వాడుకోగలిగే మార్గం అలా తెరుచుకున్నది. పెద్దవారి విషయంలో గట్టి ఆధారం 2004లో వచ్చింది. ఒకే పత్రికలో అమెరికా, యూరప్ బృందాల అధ్యయనాలు రెండు వెలువడ్డాయి. యూరప్ అధ్యయనంలో తీవ్ర ల్యుకేమియా ఉన్న 682 మంది పెద్దవారిలో 98 మంది బొడ్డుతాడు రక్తం, 584 మంది బంధువులు కాని దాతల మజ్జ పొందినవారు. బొడ్డుతాడు రక్తం తీసుకున్నవారిలో కణాలు ఆలస్యంగా కోలుకున్నా, తీవ్ర జీవీహెచ్‌డీ తక్కువగా ఉండి, జబ్బు లేకుండా బతికినవారి నిష్పత్తి మజ్జతో సమానంగా ఉన్నది. అమెరికా అధ్యయనం కొంచెం జాగ్రత్తగా మాట్లాడింది. పూర్తిగా సరిపోయే మజ్జ దాత ఉంటే అదే మేలు, ఒక గుర్తు తేడా ఉన్న మజ్జకు మాత్రం బొడ్డుతాడు రక్తం సాటి అని తేల్చింది. ఈ రెండింటిలో రెండో మాటే ఎక్కువ కాలం నిలిచింది.

ఆ తరువాత అమెరికాలోని మినిసోటా వైద్యులు ఒక సూటి ఉపాయం పట్టుకున్నారు. ఒక బిడ్డ రక్తం చాలకపోతే ఇద్దరు బిడ్డల రక్తం ఎక్కించడం. కొన్ని వారాలకు రెండింటిలో ఒకటే నిలిచి రెండోది మాయమైపోతుంది. అయినా పెద్దవారికి మార్పిడి సాధ్యమయ్యే స్థాయికి మోతాదు చేరింది. ఒక్క యూనిట్ కూడా సరిపోయే పిల్లల్లో మాత్రం రెండు యూనిట్ల వల్ల బతికే అవకాశం పెరగలేదని 2014 నాటి పరీక్ష చూపింది. మరో దారి, ఎక్కించే ముందు ప్రయోగశాలలో కణాలను పెంచడం. నికోటినమైడ్ (బి విటమిన్లలో ఒకటి) సహాయంతో పెంచిన ఒమిడుబిసెల్ అనే ఉత్పత్తిని 125 మంది మీద పరీక్షించినప్పుడు న్యూట్రోఫిల్స్ కోలుకోవడానికి పట్టే కాలం 22 రోజుల నుంచి 12 రోజులకు తగ్గింది, తీవ్ర ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. 2023 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ పన్నెండేళ్లు నిండినవారికి దానిని అనుమతించింది. విజ్ఞానపరంగా చూస్తే లెక్క దాదాపు పరిష్కారమైనట్టే. ధర చూస్తే మాత్రం, ఒక రోగికి మూడు లక్షల డాలర్లు దాటిన ఉత్పత్తి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బస్సెక్కి హైదరాబాద్ వెళ్లే కుటుంబానికి పరిష్కారం అనిపించుకోదు.

బొడ్డుతాడు రక్తం పక్షాన చెప్పవలసిన బలమైన విషయం ఒకటి 2016లో సియాటిల్ నుంచి వచ్చింది. మార్పిడికి ముందు పరీక్షల్లో ల్యుకేమియా ఆనవాళ్లు ఇంకా కొద్దిగా మిగిలి ఉన్న రోగుల్లో, బొడ్డుతాడు రక్తం తీసుకున్నవారికి జబ్బు తిరగబెట్టడం, పూర్తిగా సరిపోయిన దాత నుంచి తీసుకున్నవారి కంటే తక్కువగా ఉన్నదని 582 మంది వివరాలతో ఆ బృందం చూపింది. సరిపోలని గుర్తులే ల్యుకేమియా మీద పోరును పదునెక్కిస్తున్నాయన్నది ఒక వివరణ. ఒకే ఆసుపత్రి అనుభవం కాబట్టి దీనిని తుది తీర్పుగా తీసుకోలేము. అయినా బొడ్డుతాడు రక్తాన్ని ‘ఏదీ లేకపోతే ఇది’ అన్న వరుసలో చివర నిలబెట్టడం తొందరపాటని ఇది గుర్తు చేస్తుంది. జపాన్‌లో పెద్దవారికి ఏటా వెయ్యికి పైగా ఇటువంటి మార్పిడులు జరుగుతున్నాయి. అక్కడి జనాభాలో హెచ్‌ఎల్‌ఏ వైవిధ్యం తక్కువ, శరీర బరువులు తక్కువ, ప్రజా బ్యాంకుల వ్యవస్థ గట్టిది. యూనిట్ రెండు మూడు వారాల్లో చేతికి వస్తుంది. ఆ నాలుగూ కలిసిన చోట లెక్క సరిపోయింది.

తెలంగాణలో ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా పూర్తిగా లేదు. శరీర బరువు కొంత అనుకూలమే అనుకున్నా, హెచ్‌ఎల్‌ఏ వైవిధ్యం కులాల వారీ పెండ్లిళ్ల వల్ల ముక్కలు ముక్కలుగా విడిపోయి ఉన్నది. అందరికీ అందుబాటులో ఉండే బొడ్డుతాడు రక్త నిల్వలు దేశంలోనే బహు తక్కువ. అమెరికా బ్యాంకు నుంచి ఒక యూనిట్ తెప్పించుకోవాలంటే ముప్పై వేల డాలర్లకు పైనే. అరవై డెబ్బై కిలోల మనిషికి రెండు యూనిట్లు కావాలంటే మార్పిడి మొదలు కాకముందే అరకోటి రూపాయలు దాటుతుంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ఆ రెట్టింపు కూడా విదేశీ యూనిట్ ధర ముందు మూడో వంతో, నాలుగో వంతో అవుతుంది.

అయితే ఈ జిల్లాల రోగికి దాతలు లేరా అంటే, చాలాసార్లు ఇంట్లోనే ఉన్నారు. ఒక్కో తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. ఇద్దరు తోబుట్టువులుంటే ఆ ఇద్దరిలో ఒకరైనా కలిసే అవకాశం 44 శాతం, ముగ్గురుంటే 58 శాతం. నలభై, యాభై ఏళ్ల రోగులకు నలుగురైదుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉండడం ఇప్పటికీ మామూలే. ఇరవై ఏళ్ల రోగికి ఒకరో ఇద్దరో ఉంటారు, రాబోయే తరంలో ఇంకా తగ్గుతారు. మేనరికాలు జరిగిన కుటుంబాల్లో మరో విశేషం ఉన్నది. మేనమామనో, మేనబావనో చేసుకున్న ఇంట్లో తల్లికీ తండ్రికీ కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉండవచ్చు కాబట్టి, ఒక్కోసారి తల్లో, తండ్రో, మేనమామో, పినతండ్రి కొడుకో కూడా పూర్తిగా సరిపోతారు. పుట్టుకతో వచ్చే జబ్బులకు కారణమని మేనరికాన్ని తప్పుపట్టే వైద్యులే దాత వేటలో మాత్రం ఆ వంశవృక్షాన్ని ఓపికగా గీయించుకోవడంలో అర్థమున్నది. తోబుట్టువులు కలవలేదని వినగానే వేట ఆపేయకుండా, రెండో వరుస బంధువులను కూడా పరీక్షించమని అడగడం ఇలాంటి కుటుంబాలకు పనికివచ్చే సంగతి. తరువాత వచ్చేవి స్వచ్ఛంద దాతల జాబితాలు. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి వాటిలో పెద్దది.

బొడ్డుతాడు రక్తాన్ని నిజంగా వెనక్కి నెట్టినది మాత్రం సగం సరిపోయిన బంధువు. దీనిని హాప్లో మార్పిడి అంటారు. తల్లి, తండ్రి, బిడ్డలు ఎప్పుడూ సగం సరిపోతారు. తోబుట్టువులలో సగం మంది సరిగ్గా సగం కలుస్తారు. అంటే దాత లేని మనిషి దాదాపు ఉండడు. గతంలో ఈ మార్పిడి జీవీహెచ్‌డీ వల్ల ప్రాణాంతకమయ్యేది. మార్పిడి జరిగిన మూడో, నాలుగో రోజున సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తే, పరాయి గుర్తులను చూసి అప్పుడే రెచ్చిపోయిన కణాలు మాత్రమే చచ్చి, మూలకణాలు క్షేమంగా ఉంటాయని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు చూపారు. ఆ మందు పాతది, చవక, మన దేశంలోనే తయారవుతుంది. రెండు పద్ధతులనూ ముఖాముఖి పోల్చిన అమెరికా పరీక్షలో 368 మంది పెద్దవారు చేరారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రెండేళ్లకు జబ్బు ముదరకుండా బతికినవారు రెండు యూనిట్ల బొడ్డుతాడు రక్తంతో 35 శాతం, హాప్లో మజ్జతో 41 శాతం. ఆ తేడాను గణితపరంగా నిర్ధారించలేకపోయారు. కానీ మొత్తం మీద బతికి ఉన్నవారు 46 శాతానికి ఎదురుగా 57 శాతం. జబ్బు వల్ల కాక చికిత్స వల్ల చనిపోయినవారు 18 శాతానికి ఎదురుగా 11 శాతం. చవకైనదే మెరుగ్గా తేలడం వైద్యంలో తరచుగా జరిగే పని కాదు. భారతదేశంలో ఇప్పుడు తోబుట్టువు సరిపోకపోతే ఎక్కువ కేంద్రాలు నేరుగా హాప్లో వైపు వెళ్లడానికి కారణం ఈ అంకెలే కాదు, రోగి పక్క కుర్చీలోనే దాత కూర్చొని ఉండడం కూడా.

దీనికి ముందే చేసుకోగలిగిన ఒక జాగ్రత్త పల్లెల్లో తెలియక తప్పిపోతున్నది. రక్తం కావాలనగానే అన్న, తమ్ముడు, కొడుకు ముందుకు వచ్చి, తమ రక్తమే తమవారికి ఎక్కించమని పట్టుబడతారు. ఆ ప్రేమను తప్పుపట్టలేము. కానీ దాత కాబోయే బంధువు రక్తం ముందే ఎక్కితే, రోగి శరీరం ఆ గుర్తులకు వ్యతిరేకంగా ప్రతిదేహకాలను (యాంటీబాడీలను) తయారుచేసుకొని, తరువాత ఆ బంధువు మూలకణాలను తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. ఎక్కువ కాన్పులైన తల్లులలో ఇటువంటి ప్రతిదేహకాలు అంతకుముందే ఉండవచ్చు. బొడ్డుతాడు రక్తమైనా, హాప్లో అయినా ఈ ప్రతిదేహకాల పరీక్ష తప్పనిసరి. రోగికి వాడిన రక్తానికి బదులుగా బంధువులు బ్లడ్ బ్యాంకుకు తమ రక్తం ఇవ్వవచ్చు, అది రోగికి ఎక్కకుండా చూసుకుంటే చాలు.

ఏ మార్పిడి అయినా సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. బొడ్డుతాడు రక్తమైతే ఆ కాలం ఇంకా సాగుతుంది. నల్లగొండ నుంచి గాని మహబూబ్‌నగర్ నుంచి గాని హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లే. అయినా జ్వరం వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ పడవలసిన మనిషికి ఆ వంద కూడా దూరమే. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి వచ్చేవారికైతే నగరంలో గది అద్దె చికిత్స ఖర్చులో భాగం అవుతుంది. ఇల్లు చేరిన తరువాత కూడా వరికోతల దుమ్ము, గడ్డివాము, తడిసి బూజు పట్టిన పత్తి, పశువుల కొట్టం దగ్గరకు నెలల పాటు వెళ్లకూడదు. వాటిలో ఉండే ఆస్పర్‌జిల్లస్ బూజు మామూలు మనిషికి తుమ్ము తెప్పిస్తుంది, ఇటువంటి రోగికి ఊపిరితిత్తులనే పాడుచేస్తుంది. వ్యవసాయమే బతుకైన ఇంట్లో ఈ నియమం ఒక పంట కాలాన్ని తినేస్తుంది.

ఇక ప్రైవేటు బొడ్డుతాడు రక్త బ్యాంకుల మాట. జిల్లా కేంద్రాల ప్రసూతి ఆసుపత్రుల గోడల మీద కూడా వాటి పోస్టర్లు కనిపిస్తున్నాయి. మీ బిడ్డ కణాలు మీ బిడ్డకే బీమా అన్నది వాటి సారాంశం. ల్యుకేమియా విషయంలో ఆ మాట నిలబడదు. పిల్లల ల్యుకేమియాలలో చాలావాటికి తొలి జన్యు మార్పు పుట్టకముందే జరిగి ఉంటుందని, పుట్టిన రోజు తీసి దాచిన రక్తపు చుక్కలను తిరిగి పరీక్షించి శాస్త్రవేత్తలు చూపారు. అంటే దాచుకున్న రక్తంలోనే జబ్బు విత్తనం ఉండవచ్చు. లేదనుకున్నా, తన కణాలు తన ల్యుకేమియాను పరాయిదిగా గుర్తించి చంపవు. పెద్దయిన తరువాత వచ్చిన జబ్బుకైతే మోతాదు లెక్క మళ్లీ అడ్డం వస్తుంది. తన రక్తం తనకే ఉపయోగపడే అవకాశాన్ని వైద్య సంఘాలు 0.04 శాతానికి మించనిదిగా అంచనా వేశాయి. సొంత వాడకానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో సూటిగానే రాసింది. ఇంట్లో ఇప్పటికే మార్పిడితో నయమయ్యే జబ్బు ఉన్న పెద్ద బిడ్డ ఉండి, తల్లి మళ్లీ గర్భవతి అయితే మాత్రం దాచడం సమంజసమని అదే పత్రం మినహాయింపు ఇచ్చింది. తలసీమియా ఉన్న ఇళ్లకు ఆ మినహాయింపు విలువైనది.

బొడ్డుతాడు రక్తం సేకరించే సంచి నిండడం కోసం బొడ్డును తొందరగా బిగించి కోస్తే బిడ్డకే నష్టం. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ లోపు మాయలోని రక్తం బిడ్డలోకి వెళ్లి ఇనుము నిల్వలు పెరుగుతాయి. ఐదేళ్ల లోపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన రాష్ట్రంలో ఆ నిమిషాల విలువ తక్కువేమీ కాదు.

చివరికి మన ఇళ్లలో తప్పక వచ్చే ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. తండ్రికి ల్యుకేమియా వచ్చి, భార్య నెలలు నిండి ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డ బొడ్డు రక్తం తండ్రికి పనికి వస్తుందా అని. బిడ్డ తండ్రికి సగం సరిపోతుంది, అంటే ఆరింట మూడు. బొడ్డుతాడు రక్తానికి కావలసినవి కనీసం నాలుగు. మేనరికమైతే ఒక్కోసారి నాలుగో, ఐదో కలవవచ్చు, కాబట్టి పరీక్ష చేయించడంలో తప్పు లేదు. కానీ కలిసినా, ఆ గ్లాసుడు రక్తంలో అరవై కిలోల తండ్రికి కావలసిన 150 కోట్ల కణాలు ఉండడం అరుదు. అదే సమయంలో ఆ తండ్రి సొంత తమ్ముడు పూర్తిగా గాని, సగం గాని సరిపోయే అవకాశం నాలుగింట మూడు పాళ్లు. అతను నాలుగైదు రోజులు సూదులు వేయించుకొని, మరుసటి రోజు యంత్రం పక్కన కొన్ని గంటలు పడుకుంటే దానికి ఎన్నో రెట్లు మూలకణాలు వస్తాయి. కాబట్టి అటువంటి ఇంట్లో హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు ముందుగా పంపవలసినది తమ్ముడి నమూనాను. బిడ్డ బొడ్డును మాత్రం కాన్పు గదిలో రెండు మూడు నిమిషాలు ఆగి కోయవచ్చు.